గ్రైండర్ డబ్బు వెనక్కి వచ్చిన దారి

మా ఇంట్లో పదమూడేళ్ళు పనిచేసిన పాత గ్రైండర్ మోటారు కాలిపోవడంతో, 2025 ఫిబ్రవరి 11న ఫోనులో కనిపించిన ఒక ప్రకటన చూసి కొత్తది ఆర్డరు పెట్టాను. పెద్ద షాపింగ్ యాప్‌లలో కాకుండా, అమ్మకందారు సొంతంగా నడుపుతున్న వెబ్‌సైట్‌లో కొన్నాను. ధర రూ. 6,490. యూపీఐతో ముందే కడితే రెండు వందలు తగ్గిస్తామని రాసి ఉండడంతో ఆ తగ్గింపు పోను ఇంత అయింది. ప్రకటనలో ‘అసలైన కోయంబత్తూరు గ్రైండర్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు ఉందన్న సంగతి నాకు తెలుసు కాబట్టి, ఆ మాట చూసి ఇంకేమీ ఆలోచించలేదు.

పెట్టె 17న తెనాలిలోని మా ఇంటికి చేరింది. 22వ తేదీ శనివారం రాత్రి మొదటిసారి పిండి వేశాం. నానబెట్టినవి పొట్టు లేని మినపగుళ్ళు. ఇరవై నిమిషాలు తిరిగాక మూత తీసి చూస్తే, తెల్లటి పిండిలో మధ్య ఇరుసు చుట్టూ సన్నగా బూడిదరంగు చార కనిపించింది. పొట్టేమోనని నేను అన్నాను. మా అత్తయ్యగారు ఆ చార ఉన్నచోట చూపుడువేలితో కొంచెం పిండి తీసి, బొటనవేలితో రుద్ది, వాసన చూసి, “పొట్టు కాదమ్మాయ్, ఇది మిషను జిడ్డు. గుళ్ళకి పొట్టెక్కడిది?” అన్నారు. వేలిముద్రల గీతల్లోకి నల్లగా ఇంకిన ఆ జిడ్డు సబ్బుతో రెండుసార్లు కడిగితే గాని పోలేదు. కిలో మినపగుళ్ళ పిండి పారబోశాం. అయితే పారబోసే ముందు దాన్ని మంచి వెలుతురులో ఫోటోలు తీయడం ఒక్కటి ఆ రాత్రి నేను సరిగా చేసిన పని.

మర్నాడు ఉదయం గిన్నెను శుభ్రంగా కడిగి, మంచినీళ్ళు మాత్రమే పోసి, పది నిమిషాలు తిప్పుతూ మొదటినుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తీశాను. నీళ్ళు నెమ్మదిగా బూడిదరంగుకు తిరిగాయి. ఇరుసు మొదట్లో పెట్టిన తెల్లటి చేతిరుమాలుకు నల్లటి గుండ్రటి మరక అంటుకుంది. మా వీధి చివర మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే అతనికి చూపిస్తే, లోపలి సీలు సరిగా కూర్చోక గ్రీజు పైకి వస్తోందని, విప్పితే అరగంటలో సరిచేస్తానని చెప్పాడు. నేను విప్పనివ్వలేదు. ఒక్క స్క్రూ కదిలినా, పాడు చేసింది మీరేనని అమ్మకందారు అనడానికి మనమే అవకాశం ఇచ్చినట్టవుతుంది. అతని చేత, విప్పకుండా బయటి నుంచి తాను చూసినదేమిటో షాపు బిల్లు పుస్తకంలోని కాగితం మీద నాలుగు వాక్యాలు రాయించి, తేదీ వేయించి, సంతకం తీసుకున్నాను. ఆ కాగితం తరువాత చాలా పనికివచ్చింది.

అమ్మకందారు ఇచ్చిన సంప్రదింపు మార్గం ఒక్క వాట్సాప్ నంబరే. ఫోటోలు, వీడియో పంపగానే, ఇరవైనాలుగు గంటల్లో స్పందిస్తామని యంత్రం పంపే సందేశం వచ్చింది. రెండు టిక్కులు నీలంగా మారాయి, అంటే చదివారు. జవాబు లేదు. 24న, 28న ఈమెయిళ్ళు పంపాను. మార్చి 3న మళ్ళీ వాట్సాప్‌లో రాస్తే, ఆ సందేశానికి ఒక్క టిక్కు మాత్రమే పడి అక్కడే ఆగిపోయింది. నా నంబరును బ్లాక్ చేసి ఉంటారనిపించింది. ఆ ఒంటి టిక్కు చూసినప్పుడు పోయిన డబ్బుకంటే ఎక్కువ బాధ కలిగింది. మనం మాట్లాడుతున్నామని తెలిసి కూడా ఎదుటి మనిషి తలుపు మూసుకున్నప్పుడు కలిగే అవమానం అది.

ఆ కంగారులోనే ఒక పొరపాటు చేయబోయాను. కంపెనీ పేరు పెట్టి కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికితే ఒక మొబైల్ నంబరు కనిపించింది. ఫోను చేయగానే ఒకతను ఎంతో మర్యాదగా మాట్లాడి, ఐదు నిమిషాల్లో డబ్బు వేస్తానని, ఫోనులో ఒక యాప్ వేసుకుని తాను పంపిన చెల్లింపు అభ్యర్థనను పిన్ కొట్టి ఆమోదించమని అన్నాడు. పిన్ అనే మాట వినగానే ఫోను పెట్టేశాను. యూపీఐలో డబ్బు పంపడానికి పిన్ కావాలి, మనకు డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. రీఫండ్ కోసం వెతుక్కునేవాళ్ళను పట్టుకోవడానికే ఇలాంటి దొంగ నంబర్లు పెట్టి కూర్చుంటారు. ఒకవేళ ఎవరైనా అలా మోసపోయి ఉంటే, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. ఆ మోసం సంగతి వేరు, సరుకు లోపం సంగతి వేరు. మొదటిది సైబర్ నేరం, రెండవది వినియోగదారుల వివాదం.

మా వారు, ఆరువేల కోసం ఇంత ఆరాటం ఎందుకు, పోయాయనుకుందాం అన్నారు. ఆ మాటలో తప్పు లేదు, అలసిపోయిన మనిషి ఎవరైనా అలాగే అంటారు. కానీ జవాబివ్వని అమ్మకందారుకు ఉన్న పెట్టుబడి అంతా ఆ మాటే. వందమంది కొంటే తొంభైమంది వారం రోజులు తిరిగి వదిలేస్తారన్న లెక్క మీద ఆ మౌనం నడుస్తుంది. అందువల్ల ఆ మౌనాన్నే తేదీలతో సహా కాగితం మీదికి ఎక్కించాలని నిర్ణయించుకున్నాను. ఒక నోటుబుక్కు తీసుకుని, ఏ రోజు ఏమి పంపాను, ఎన్ని గంటలకు, దేని ద్వారా, ఏమి జవాబు వచ్చింది అన్నది వరుసగా రాయడం మొదలుపెట్టాను. జవాబు రాని రోజున ‘జవాబు లేదు’ అని రాసేదాన్ని.

చట్టం ఏమంటుందో అప్పుడే కుదురుగా చదివాను. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, లేకపోతే 30 రోజుల్లోగా ఇవ్వాలి. ఆన్‌లైన్ వ్యాపారానికి 2020 జూలైలో ప్రత్యేక నిబంధనలు కూడా వచ్చాయి. సొంత వెబ్‌సైట్‌లో అమ్మే వ్యాపారి కూడా వాటి పరిధిలోకి వస్తాడు. ఫిర్యాదులు చూసే అధికారి పేరు, హోదా, సంప్రదింపు వివరాలు వెబ్‌సైట్‌లో కనిపించేలా పెట్టాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లోగా తెలియజేసి, నెల రోజుల్లోగా పరిష్కరించాలి. మేము కొన్న వెబ్‌సైట్‌లో అధికారి పేరు లేదు సరికదా, వ్యాపారి చిరునామా కూడా లేదు. ‘అన్‌బాక్సింగ్ వీడియో లేనిదే రీఫండ్ లేదు’ అన్న వాక్యం మాత్రం ఎర్ర అక్షరాలతో ఉంది. పెట్టె విప్పుతూ వీడియో తీసుకోవడం మంచి అలవాటే గాని, అది లేకపోతే కొన్నవాడికి హక్కు పోతుందని చట్టంలో ఎక్కడా లేదు. పైగా మాకు వచ్చిన లోపం పెట్టె విప్పినప్పుడు కనబడేది కాదు, వాడితే బయటపడేది.

ఇక చిరునామా సంగతి. ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలియకపోతే ఎంత చట్టం ఉన్నా ఉపయోగం లేదు, చాలామంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. పెట్టెలో మడిచిపెట్టిన ఇన్‌వాయిస్ మీద పదిహేను అక్షరాల జీఎస్‌టీ నంబరు ఉంది. ఆ నంబరులోని మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. 37 అయితే ఆంధ్రప్రదేశ్, 36 అయితే తెలంగాణ, 33 అయితే తమిళనాడు. కోయంబత్తూరు గ్రైండర్ అని అమ్మిన మా వ్యాపారి నంబరు 07తో మొదలైంది, అంటే ఢిల్లీ. జీఎస్‌టీ పోర్టల్‌లో లాగిన్ కాకుండానే ఆ నంబరు కొట్టి వెతికితే, నమోదైన అసలు పేరు, వ్యాపారం పేరు, నమోదు ఇంకా అమలులో ఉందా లేదా అన్న సంగతి, ప్రధాన వ్యాపార స్థలం కనిపించాయి. వెబ్‌సైట్ పేరుకూ నమోదైన పేరుకూ ఏ పోలికా లేదు. అట్టపెట్టెను కూడా నేను పారేయలేదు. ప్యాకేజీ సరుకుల మీద తయారీదారు లేక ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, ఫిర్యాదుల కోసం సంప్రదించవలసిన వివరాలు ముద్రించాలన్న తూనికలు కొలతల నిబంధన ఉంది. పెట్టె అడుగుభాగాన చిన్న అక్షరాలలో ఉన్న చిరునామా, పోర్టల్‌లో ఉన్న చిరునామా ఒక్కటే. దాంతో నాకు ధైర్యం వచ్చింది.

మార్చి 7న జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను. తెలుగులోనే మాట్లాడారు. వివరాలన్నీ ఓపికగా తీసుకుని ఫిర్యాదుకు ఒక నంబరు ఇచ్చారు. అయితే ఆ హెల్ప్‌లైన్‌కు ఆదేశించే అధికారం లేదన్నది ముందే తెలుసుకోవాలి. వారు కంపెనీకి ఫిర్యాదు పంపి, జవాబు తెప్పించి, రాజీ కుదర్చడానికి ప్రయత్నిస్తారు. వారితో భాగస్వాములుగా చేరిన పెద్ద కంపెనీల విషయంలో ఇది త్వరగా తేలిపోతుంది. మా విషయంలో మూడు వారాల తరువాత, కంపెనీ నుంచి స్పందన లేదని, జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చని తెలియజేశారు. వృథా అయిందని నేను అనుకోలేదు. అమ్మకందారు నాకే కాదు, ప్రభుత్వ హెల్ప్‌లైన్‌కు కూడా జవాబు ఇవ్వలేదన్న సంగతి నమోదైంది. నోటుబుక్కులో అది చాలా విలువైన పంక్తి.

బ్యాంకులో కూడా అడిగాను. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, సరుకు లోపభూయిష్టంగా ఉందని గడువులోగా బ్యాంకుకు రాసి ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బును బ్యాంకు ద్వారానే వెనక్కి తెప్పించడం, కోరే దారి ఉండేది. నేనే చెల్లించిన యూపీఐ చెల్లింపు కాబట్టి తాము చేయగలిగింది పెద్దగా లేదని మా శాఖలో చెప్పారు. రెండు వందల తగ్గింపు కోసం ఆ దారి వదులుకున్నానని అప్పుడు తెలిసింది. తెలియని వెబ్‌సైట్‌లో కొనేటప్పుడు ఇప్పుడు నేను యూపీఐ వాడడం లేదు.

ఏప్రిల్ 2న నోటీసు పంపాను. లాయరు చేతనే పంపించాలన్న నియమం లేదు. నేనే తెల్లకాగితం మీద, ఏమి కొన్నాను, ఎంత కట్టాను, లోపమేమిటి, ఎన్నిసార్లు తెలియజేశాను, ఏమి కోరుతున్నాను అన్నది ఒకటిన్నర పేజీలో రాశాను. తిట్లు లేవు, బెదిరింపులు లేవు. పదిహేను రోజుల్లోగా రూ. 6,490 నా ఖాతాలో వేసి, గ్రైండరును మీ ఖర్చుతో తీసుకువెళ్ళండి, లేనిపక్షంలో జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను అని ముగించాను. పోర్టల్‌లో ఉన్న చిరునామాకు అందుకున్నవారి సంతకంతో తిరిగి వచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. (ఆ తరువాత 2025లోనే రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, ఇప్పుడు పంపేవారు స్పీడ్ పోస్టులోనే అందినట్టు రుజువు వచ్చేలా అడిగి తీసుకోవాలి.) కొన్నాళ్ళకు ఆ కార్డు మా ఇంటికి తిరిగి వచ్చింది. దాని మీద ఊదారంగు రబ్బరు ముద్ర, పక్కన పొడి సంతకం, ఏప్రిల్ 9 తేదీ ఉన్నాయి. రెండు నెలలుగా లేని మనిషిలా వ్యవహరించిన వ్యాపారి ఉన్నాడనడానికి నా చేతికి వచ్చిన మొదటి గుర్తు అది. ఆ కార్డును చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

పదిహేను రోజులూ గడిచాయి. ఏప్రిల్ 28న, వినియోగదారుల కమిషన్‌లకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు దాఖలు చేశాను. ఇప్పటికీ అందరూ వినియోగదారుల ఫోరం అనే అంటారు గాని, 2019 చట్టంతో వాటి పేరు కమిషన్‌గా మారింది. మూడు సంగతులు తెలిస్తే కమిషన్ అంటే ఉన్న భయం చాలావరకు పోతుందని నా నమ్మకం. కట్టిన ధర ఐదు లక్షలు దాటకపోతే ఫీజు ఏమీ లేదు. అమ్మకందారు ఢిల్లీలో ఉన్నా, మనం నివసించే లేక పనిచేసే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు, మన వాదన మనమే చెప్పుకోవచ్చు. సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్ళలోగా వెళ్ళాలన్నది మాత్రం మరిచిపోకూడదు.

ఫిర్యాదులో తేదీల వరుస ఒక పట్టికగా రాశాను. నా నోటుబుక్కులో ఉన్నదే అది. ఇన్‌వాయిస్, చెల్లింపు వివరం, ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ సంభాషణ, ఈమెయిళ్ళు, హెల్ప్‌లైన్ ఫిర్యాదు నంబరు, నోటీసు ప్రతి, పోస్టు రశీదు, అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు, మెకానిక్ రాసిచ్చిన కాగితం, నోటరీ చేయించిన అఫిడవిట్ (ప్రమాణ పత్రం) జతచేశాను. వీడియోను పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఉంచాను. కోరిక విషయంలో ఒక లాయరు బంధువు మంచి సలహా ఇచ్చారు. నష్టపరిహారం లక్షలలో అడిగితే ఫిర్యాదు బరువు పెరగదు, తగ్గుతుంది అన్నారు. సరుకు ధర, దాని మీద వడ్డీ, మానసిక వేదనకు ఐదువేలు, ఖర్చులకు మూడువేలు మాత్రమే అడిగాను. మొదటిసారి పేజీల సంఖ్య సరిగా లేదని, ఒక పత్రం మసకగా ఉందని వెనక్కి పంపారు. సరిచేసి మళ్ళీ పెట్టాను. మే నెలలో ఫిర్యాదును స్వీకరించి అమ్మకందారుకు నోటీసు జారీ చేశారు.

నోటీసు అందిన నాటి నుంచి ఎదుటిపక్షం 30 రోజుల్లోగా జవాబు దాఖలు చేయాలి, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు ఉంటాయి, అంతకుమించి లేదు. ఈ 45 రోజుల గడువును దాటనివ్వకూడదని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పాత చట్టం కింద స్పష్టంగా చెప్పింది. మౌనంగా ఉండడం వల్ల అమ్మకందారుకు అంతవరకూ కలిసివచ్చిన కాలం, ఇక్కడి నుంచి అతనికి ఎదురు తిరుగుతుంది. జూన్‌లో మొదటి వాయిదాకు ఎవరూ రాలేదు. నేను గుంటూరు వెళ్ళి, పిలిచినప్పుడు లేచి నిలబడి, నా పేరు చెప్పాను. నిలబడినప్పుడు కాళ్ళు వణికిన మాట నిజం. మహిళా సభ్యురాలు ఒకరు గ్రైండర్ ఇప్పుడు ఎక్కడుందని అడిగారు. ఇంట్లోనే ఉందండి, విప్పించలేదండి అన్నాను. ఆమె తల ఊపి రాసుకున్నారు.

జూలై మొదటి వారంలో ఢిల్లీ నంబరు నుంచి ఫోను వచ్చింది. కొత్త గ్రైండర్ పంపుతాం, కేసు వెనక్కి తీసుకోండి అని హిందీలో చెప్పారు. నా ఫిబ్రవరి సందేశాల గురించి ఒక్క మాట కూడా లేదు. కొత్తది వద్దు, డబ్బు కావాలన్నాను. మర్నాడు మళ్ళీ చేసి, ముందు కేసు తీసేస్తే సాయంత్రానికి డబ్బు వేస్తామన్నారు. ఇక్కడ చాలామంది మెత్తబడి సంతకం పెట్టేస్తారని కమిషన్ ఆవరణలో పక్కన కూర్చున్న ఒక పెద్దాయన నాకు ముందే చెప్పి ఉన్నారు. డబ్బు ఖాతాలో పడాలి, రాజీ షరతులు కాగితం మీద రావాలి, అది కమిషన్ ముందే జరగాలి అని చెప్పాను. కమిషన్ ఉత్తర్వులో నమోదైన రాజీని ఎదుటిపక్షం పాటించకపోతే, దాన్ని అమలు చేయించుకునే దారి ఉంటుంది, ఉత్తర్వును ధిక్కరించినవారికి జైలుశిక్ష వరకు చట్టంలో ఉంది. ఫోనులో ఇచ్చిన మాటకు అలాంటి రక్షణ ఏదీ లేదు.

తరువాతి వాయిదాకు వారి తరఫున ఒక న్యాయవాది హాజరై, ధర రూ. 6,490, ఖర్చుల కింద రూ. 3,000 ఇస్తామని, గ్రైండరును తమ ఖర్చుతో తీసుకువెళ్తామని రాసిచ్చారు. వేదన కింద అడిగిన ఐదువేలు నేను వదులుకున్నాను. వదులుకోవడం సరైనదేనా అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటాను. అడిగి తీసుకుని ఉంటే, తరువాత కొనేవాళ్ళ సందేశాలకు వారు జవాబు ఇచ్చేవారేమో. ఆగస్టు 6న డబ్బు పడింది. బ్యాంకు సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఫైలులో పెట్టాకే పూర్తి చెల్లింపు అందినట్టు మెమో మీద సంతకం చేశాను.

వారం తరువాత కొరియరతను గ్రైండర్ తీసుకువెళ్ళడానికి వచ్చాడు. అత్తయ్యగారు ముందురోజే గిన్నె కడిగి ఆరబెట్టి, రాళ్ళు ఒకదానికొకటి తగలకుండా పాతచీర ముక్కల్లో చుట్టి, అదే అట్టపెట్టెలో సర్ది ఉంచారు. సరుకు ఎవరిదైనా పగలనివ్వకూడదన్నది ఆవిడ పద్ధతి. పెట్టె తెరిచి ఉండగా ఫోటో తీసి, మూసి టేపు వేసి, బరువు రాయించి, అతని రశీదు తీసుకున్నాను.

ఆ ఆదివారమే ఊళ్ళోని షాపుకు వెళ్ళాం. ధర ఆన్‌లైన్‌లో కన్నా ఏడువందలు ఎక్కువ. షాపతను చిన్న చెంబుతో నీళ్ళు పోసి పది నిమిషాలు తిప్పి చూపించాడు. అత్తయ్యగారు ఇరుసు మొదట్లో వేలు పెట్టి, బొటనవేలితో రుద్ది, వెలుతురులోకి తిప్పి చూసుకుని, బిల్లు వేయమన్నారు.